"వాడికే ఎందుకు?" అన్నది మూఢ ప్రశ్నేనా?

2025 సెప్టెంబరులో సూరత్ జిల్లా జోల్వాలో ఒక బట్టల మిల్లులో డ్రమ్ము పేలి కార్మికులు చనిపోయారు. ఇలాంటివి జరిగినప్పుడు మనవాళ్ళ నోట వచ్చే మాట ఒకటే: "వాడి రాత". దానికి మన హేతువాదుల జవాబూ ఒకటే: "రాతా లేదు గీతా లేదు, యంత్రం పేలింది, అంతే."

జవాబు నిజమే. కానీ అది అవతలివాడు అడిగిన ప్రశ్నకు జవాబు కాదు.

ఇవాన్స్ ప్రిచర్డ్ అనే మానవశాస్త్రవేత్త ఆఫ్రికాలోని అజాండే ప్రజల మధ్య ఉండి 1937లో ఒక పుస్తకం ప్రచురించాడు. అక్కడ గాదె కూలి, దాని నీడన కూర్చున్నవాళ్ళ మీద పడితే చేతబడి అంటారు. గుంజలను చెదలు తిన్నాయని వాళ్ళకు తెలియదా? బాగా తెలుసు. వాళ్ళ ప్రశ్న వేరు: సరిగ్గా వీళ్ళు కూర్చున్నప్పుడే ఎందుకు కూలింది?

ఈ సంగతి దూరం నుంచి చూస్తే తెలియదు. వాళ్ళతో బతకాలి, వాళ్ళ భాష నేర్వాలి, చెప్పేదీ చేసేదీ విడివిడిగా రాసుకోవాలి. నేను రక్షణ శాఖ లెక్కల్లో పనిచేసినవాణ్ణి. స్టాకు రిజిస్టరు చూసి సంతకం పెడితే అది ఆడిట్ కాదు, గోడౌనులోకి వెళ్ళి లెక్కపెట్టాలి. ఇదీ అంతే.

అర్థం చేసుకోవడమంటే ఒప్పుకోవడమా? కాదు. సాంస్కృతిక సాపేక్షత అంటే అర్థమయ్యేదాకా తీర్పు ఆపుకోవడం. చేతబడి చేసిందని ఒక ముసలమ్మను కొడుతుంటే "అది వాళ్ళ సంస్కృతి" అని చేతులు కట్టుకుని నిలబడటం కాదు. గుజరాత్ 2024లో నరబలి, చేతబడులపై చట్టం చేసింది. మంచిదే. అయితే చట్టం కొట్టినవాణ్ణి పట్టుకుంటుంది గానీ "వాడికే ఎందుకు?" అన్న ప్రశ్నకు బదులివ్వదు.

ఆ ప్రశ్నకు హేతుబద్ధమైన జవాబు ఉంది. 1962 నుంచి దక్షిణ గుజరాత్‌లో కూలీల బతుకులను దగ్గరగా చూసిన యాన్ బ్రెమన్ పుస్తకాలు చదవండి. సూరత్ మగ్గాల దగ్గర, అద్దకం మిల్లుల్లో నిలబడేది ఎవరు? ఒడిశా నుంచి, బీహార్ నుంచి, మన తెలంగాణ నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్ళు. యజమాని కొడుకు డ్రమ్ము పక్కన నిలబడడు. ఆ రాత నుదుటి మీద లేదు, కాంట్రాక్టరు మస్టరు రోలులో ఉంది. ఒక్కోసారి అందులోనూ ఉండదు.

కాబట్టి మిత్రులారా, "రాత" అన్నవాణ్ణి చూసి నవ్వకండి. ఆ రాత రాసిందెవరో కూర్చుని అతనితో కలిసి లెక్క తీయండి. "రాత" అన్న మాటతో అతని ఒక్కడికి ఓదార్పు దొరుకుతుందేమో, మిల్లు యజమానికి మాత్రం తనిఖీ తప్పుతుంది.