బడి పిల్లల చేతి కార్డుకు రెండు పీరియడ్లు ఇవ్వాలి

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల్లో పండుగకు ఇంటికి రాలేని వారు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. పాలమూరు నుంచి ముంబయి, పుణె, హైదరాబాదులకు కట్టడాల పనికి వలస పోవడం తరాలుగా ఉన్నదే. ప్రాజెక్టుల నీరు పారిన ఊళ్లలో కొంత తగ్గినా పూర్తిగా ఆగలేదు. తల్లిదండ్రులు పనికి పోతే పిల్లలు అవ్వాతాతల దగ్గరో, హాస్టళ్లలోనో ఉండి చదువుకుంటున్నారు. ఆ పిల్లలు దసరాకో, సంక్రాంతికో తమ చేత్తో ఒక శుభాకాంక్షల కార్డు చేసి అమ్మానాన్నలకు పంపేలా ప్రతి ప్రభుత్వ పాఠశాలలో ఏడాదికి రెండు పీరియడ్లు కేటాయించాలి. ఇందుకు జీవో అక్కరలేదు, నిధులూ అక్కరలేదు. ప్రధానోపాధ్యాయులు తలచుకుంటే చాలు.

చేతిలో ఫోన్ ఉండగా కార్డు ఎందుకని అడిగేవారున్నారు. ఫోన్‌లో ఒకే బొమ్మ వందమందికి పోతుంది, వారం తిరిగేసరికి ఎక్కడున్నదో తెలియదు. బిడ్డ చేసిన కార్డును తల్లి పెట్టెలో దాచుకుంటుంది. రెండింటికీ ఉన్న తేడా ఇదే.

కొలత తెలిస్తే చాలు

విప్పగానే లోపల బొమ్మ లేచి నిలబడే కార్డును పట్టణాల్లో పాప్‌అప్ కార్డు అంటారు. చూడటానికి గారడీలా ఉంటుంది గాని, లోపల ఉన్నది ఐదో తరగతి లెక్కే. 21 సెంటీమీటర్ల పొడవు, 15 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న అట్టను పొడవు సగం అయ్యేలా మడవాలి. మడత అంచు మధ్యలో, రెండు సెంటీమీటర్ల ఎడంతో, కత్తెరతో రెండు గాట్లు పెట్టాలి. ఒక్కొక్క గాటు 3 సెంటీమీటర్లు. నడుమ ఉన్న పట్టీని లోపలికి తోసి మడిస్తే, కార్డు తెరిచినప్పుడు చిన్న మెట్టులా నిలుస్తుంది. ఆ మెట్టు ముందు భాగానికి బొమ్మ అంటించాలి. బొమ్మ ఎత్తు 7 సెంటీమీటర్లు మించరాదు. గాటు 3, బొమ్మ 7 కలిపితే 10. మడిచిన కార్డు లోతు పదిన్నర కాబట్టి మూసినప్పుడు బొమ్మ బయటికి రాదు. ఈ కూడిక తప్పితే బొమ్మ తల అంచు దాటి కనబడుతుంది. లెక్క ఎందుకు నేర్చుకోవాలో పిల్లలకు అప్పుడు ఎవరూ చెప్పనక్కరలేదు.

బొమ్మలకు కొదవ లేదు. వరుస వరుసగా పైకి లేచే బతుకమ్మ ఇలాంటి కార్డుకు పుట్టినట్టే ఉంటుంది. గద్వాల కోట, అలంపురం గుడి శిఖరాలు, జూరాల గేట్లు, వనపర్తి రాజభవనం, సోమశిల దగ్గర కృష్ణలో పడవ, నల్లమల చెంచుల గుడిసె ఉండనే ఉన్నాయి. అగ్గిపెట్టెలో పట్టేలా మడవవచ్చని పేరు పడిన చీరలు నేసే గద్వాలకు మడత విద్య కొత్తదా?

పెళ్లి పత్రికలే సరుకు

ఈ పేరు చెప్పి పిల్లల చేత పది రూపాయల అట్ట కూడా కొనిపించరాదు. ప్రతి ఇంట్లో పాత పెళ్లి పత్రికలు మూలన పడి ఉంటాయి. మందంగా ఉంటాయి, ఒక వైపు ఖాళీగానూ ఉంటాయి. గద్వాల, రాజోలి మగ్గాల ఇళ్లలో అరిగిన జాకార్డు అట్టలు దొరుకుతాయి. జిగురుకు మైదా ఉడికించిన లై, లేదా తుమ్మ బంక. మడత నిక్కచ్చిగా రావడానికి సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో ముందు గీత నొక్కాలి. ఒకప్పుడు చేతి కాగితానికి పేరుపొందిన కోయిలకొండ కూడా మన పాలమూరులోనిదే.

కవరు కార్డు కంటే అన్ని వైపులా అర సెంటీమీటరు పెద్దదిగా ఉండాలి. చమ్కీలు, గుండీలు, గుండుసూదులు పెట్టరాదు. తపాలా ముద్ర పడినప్పుడు చినుగుతుంది. కార్డు, కవరు కలిపి 20 గ్రాములు దాటకుంటే ఖర్చు తక్కువ. ఊళ్లోని బంగారం దుకాణం కాటాలో తూచవచ్చు. 1972 ఆగస్టు 15 నుంచి అమలులో ఉన్న పిన్ నంబరు తప్పక రాయాలి. గద్వాలది 509125, వనపర్తిది 509103, నాగర్‌కర్నూలుది 509209. పని స్థలానికి స్థిరమైన చిరునామా లేని తల్లిదండ్రులకు మేస్త్రీ కేరాఫ్‌గా పంపాలి. అదీ కుదరకపోతే ఆ ఊరికి పోయే మనిషి చేతికి ఇచ్చి పంపడం మన పాత పద్ధతే.

ఉపాధి మాట

దీన్ని మహిళా సంఘాలకు ఉపాధిగా చూపాలని కొందరు అంటారు. తొందరపడరాదు. వియత్నాంలో ఇలాంటి కార్డుల అట్టలను లేజరు యంత్రాలతో కోసి, చేత్తో అమర్చి అమెరికాకు ఎగుమతి చేస్తున్నారు. కత్తెరతో ఆ ధరకు పోటీ పడలేము. కొనేవారిని చూపకుండా శిక్షణ ఇచ్చి వదిలేస్తే సంఘానికి మిగిలేది అప్పే. గద్వాల చీరలు అమ్మే సంఘాలు చీర పెట్టెలో కోట కొమ్మ అంచు కార్డు పెట్టదలచి ముందుగా ఆర్డరు ఇస్తే అప్పుడు ఆలోచించవచ్చు.

పిల్లల బొమ్మకు విలువ ఎంతని అనుకునేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 1949లో యూనిసెఫ్ మొదటి శుభాకాంక్షల కార్డు మీద అచ్చయింది చెకోస్లొవేకియాలోని ఒక పల్లెలో ఏడేళ్ల జిట్కా సామ్కోవా వేసిన బొమ్మ. యుద్ధానంతరం కాగితం దొరకక ఆ పిల్ల దాన్ని గాజు పలక మీద వేసింది.

మన పిల్లలకు కాగితానికి కరువు లేదు. దసరా సెలవులకు పది రోజుల ముందు ఒక పీరియడు, సంక్రాంతికి ముందు ఒక పీరియడు ఇవ్వండి. మండల విద్యాధికారులు ఈ మాట ప్రధానోపాధ్యాయుల సమావేశంలో పెట్టాలి. ఎన్ని బడులు చేశాయని నివేదికలు అడగవద్దు. కార్డు చూడవలసింది అధికారులు కాదు, దూరాన ఇటుకలు మోస్తున్న అమ్మానాన్నలు.