తెల్ల వైన్: పానీయమే గాని ఔషధం కాదు

“వైన్ మద్యం కాదు, గుండెకు బలం” అనే మాట ఇటీవల మన తాడేపల్లి, మంగళగిరి ప్రాంతాల విద్యావంతుల ఇళ్లలోనూ వినవస్తున్నది. విదేశాల నుండి వచ్చిన సంతానం దక్షిణ ఫ్రాన్సు తెల్ల వైన్ సీసా తెస్తారు. అరవై ఏళ్లదాకా మద్యం ముట్టని తండ్రి దానిని ఔషధమని నమ్మి సేవించడం ప్రారంభిస్తాడు. ఈ నమ్మకాన్ని ఖండించడం వైద్యునిగా నా బాధ్యత.

ఆ పానీయపు గుణాన్ని నేను కాదనను. మధ్యధరా తీరంలోని లాంగ్‌దొక్ సీమ వేడిగా, పొడిగా ఉంటుంది. అటువంటి ఎండలో ద్రాక్షలో చక్కెర పెరుగుతుంది, పులుపు తరుగుతుంది. ఆ చక్కెరే పులిసి ఆల్కహాలుగా మారుతుంది. అయినా అక్కడి పిక్‌పూల్ అనే ద్రాక్ష ఆ వేడిలోనూ పులుపును నిలుపుకుంటుంది. తో అనే ఉప్పునీటి సరస్సు చెంత పండే ఈ ద్రాక్షతో చేసే ‘పిక్‌పూల్ ద పినే’ను ఆల్చిప్పలతో కలిపి సేవిస్తారు. నిమ్మను తలపించే ఆ రుచి వెనుక తరాల కృషి ఉన్నది. దానిని మెచ్చుకోవడంలో తప్పు లేదు. తప్పంతా దానికి వైద్యపు ముద్ర వేయడంలోనే ఉన్నది.

ఈ ముద్రకు మూలం ‘ఫ్రెంచి వైరుధ్యం’. కొవ్వు పదార్థాలు అధికంగా తిన్నా ఫ్రెంచివారికి గుండెజబ్బులు తక్కువనీ, అందుకు వైన్ కారణం కావచ్చుననీ 1992లో సెర్జ్ రెనో, మిషెల్ ద లోర్జెరిల్ లాన్సెట్ పత్రికలో వ్రాశారు. ప్రచారం ఎర్ర వైన్‌ను ఆకాశానికెత్తింది. ఎర్ర వైన్‌లోని పాలీఫెనాల్ పదార్థాలు ముఖ్యంగా ద్రాక్ష తొక్క, గింజల నుండి వస్తాయి. తెల్ల వైన్ తయారీలో సాధారణంగా రసం పులియకముందే తొక్కలను వేరు చేస్తారు. కనుక ఆ బలహీనమైన వాదన కూడా తెల్ల వైన్‌కు వర్తించదు. పైగా అటువంటి అనేక పరిశీలనలలో, జబ్బుచేసి తాగుడు మానినవారిని కూడా ‘తాగనివారి’ జాబితాలో చేర్చారు. అందువలన మితంగా తాగేవారు ఆరోగ్యవంతులుగా కనబడ్డారు.

మద్యపానీయాలు మానవులలో క్యాన్సరు కలిగిస్తాయని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1988లోనే నిర్ధారించింది. నోరు, గొంతు, అన్నవాహిక, కాలేయం, పెద్దప్రేగు, రొమ్ము క్యాన్సర్లకు మద్యంతో సంబంధం ఉన్నది. సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది. వైన్‌ను సంస్కృతిగా భావించే ఫ్రాన్సు ప్రజారోగ్య సంస్థ సైతం 2017లో వారానికి పది గ్లాసులు మించరాదనీ, ప్రతిదినం తాగరాదనీ హద్దు గీసింది.

లెక్క చూడండి. 13 శాతం ఆల్కహాలున్న వైన్ 150 మిల్లీలీటర్లలో సుమారు 15 గ్రాముల ఆల్కహాలుంటుంది. అది ఒకటిన్నర చిన్న పెగ్గుల విస్కీకి సమానం. విస్కీ గ్లాసును చూసి ముఖం చిట్లించే ఇల్లాలు, చల్లగా పుల్లగా ఉన్నందున వైన్‌ను పండ్లరసంగా భావిస్తున్నది. కల్లుముంత పట్టినవాడిని తాగుబోతు అంటాము, కాడ గ్లాసు పట్టినవాడిని రసికుడంటాము. కాలేయానికి ఈ భేదం తెలియదు.

మన పరిస్థితులలో ప్రమాదం మరింత ఎక్కువ. గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు వాడే మధుమేహ రోగి ఖాళీ కడుపుతో వైన్ తాగితే రాత్రివేళ రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఆ మగతను ఇంట్లోవారు నిద్ర అనుకుంటారు. మే నెల ఎండలో ‘చలువ’ కోసం తాగితే మూత్రం అధికమై శరీరం మరింత ఎండిపోతుంది. గుంటూరు మిరప కారానికి ఆల్కహాలు తోడైతే నోటిమంట, ఛాతీమంట పెరుగుతాయి.

కనుక పాఠకులకు నా విన్నపం: ఇంతవరకు ముట్టనివారు ఆరోగ్యం పేరిట ప్రారంభించవద్దు. తాగే అలవాటున్నవారు రుచి కోసమే తాగుతున్నామని ఒప్పుకొని, భోజనంతో, స్వల్పంగా, ఎప్పుడో ఒకసారికి పరిమితం కండి. మీ వైద్యునికి ఆ సంగతి దాచవద్దు. గర్భిణులు, కాలేయ రోగులు, వాహనం నడిపేవారు అసలే తాగరాదు. గుండెకు బలం కావాలంటే రక్తపోటు పరీక్షించుకోండి, పొగాకు మానండి, ఉప్పు తగ్గించండి, ప్రతి ఉదయం అరగంట నడవండి. వైన్ సీసా బహుమతిగా తెచ్చే పిల్లలు తండ్రికి ఒక రక్తపోటు యంత్రం తెస్తే అంతకన్నా మేలు.