ఆడిషన్‌కు పోయే ముందు ఆరు ఆటలు ఆడుండ్రి!

మొన్న జైనూర్‌ల సంఘం మీటింగ్ అయిపోయినంక ఒక పిల్లగాడు దగ్గరికొచ్చి మెల్లగ అడిగిండు. "అన్నా, నాకు యాక్టింగ్ అంటే పానం. ఆడిషన్లు యాడ దొరుకుతయి?" పక్కనున్న పెద్దమనిషి నవ్విండు. "మనకెందుకురా సిన్మాలు, డిగ్రీ పాసై నౌకరి చూసుకో" అన్నడు. పిల్లగాడు తల దించుకొని పోయిండు.

ఆ నవ్వు నాకు నచ్చలేదు. భూమి అడిగితే దొరలు నవ్విండ్రు, బడి అడిగితే పంతుళ్లు నవ్విండ్రు. ఇయ్యాల మన పిల్లగాడు వేషం అడిగితే మనోళ్లే నవ్వాల్నా?

ఇది సోకు ముచ్చట కాదు. తెర మీద ఎవరి ముఖం కనబడాలె, ఎవరి కథ ఎవరు చెప్పాలె అన్నది కులం ప్రశ్న. మలయాళంల మొట్టమొదటి సినిమా 'విగతకుమారన్' 1928 ప్రాంతంల తీసిండ్రు. అందుల నాయిక పి.కె. రోజీ, దళిత ఆడబిడ్డ. ఆమె చేసిన తప్పల్లా నాయర్ స్త్రీ వేషం కట్టుడే. అగ్రకులపోళ్లు తెర మీద రాళ్లు విసిరిండ్రు, ఆమె గుడిసె తగలబెట్టిండ్రు. ఆమె ఊరిడిసి తమిళనాడు పోయి అనామకంగా బతికింది. దళిత మనిషి కూలి చేస్తే అభ్యంతరం లేదు, నాయర్ స్త్రీగా నటిస్తే మాత్రం ఓర్వలేకపోయిండ్రు!

మన దగ్గరికే రాండ్రి. 1940ల జోడేఘాట్ గుట్టల్లో నిజాం పోలీసుల తూటాలకు ఒరిగిన కొమురం భీమ్ మన ప్రాంతపు బిడ్డ. 2022ల వచ్చిన 'ఆర్ఆర్ఆర్'ల ఆ పేరుతోటి వేషం జూనియర్ ఎన్టీఆర్ కట్టిండు. బాగనే కట్టిండు, కాదనం. కాని భీమ్ భాష మాట్లాడే పిల్లలు, ఆ గుట్టల కింద మాంగ్ వాడల, మాదిగ వాడల పిల్లలు ఆ తెర దాకా పోయే తొవ్వ ఏది? ఇదే మన ప్రశ్న.

మనకు కళ లేకనా? మన జైనూర్ మండలం మర్లవాయి గోండు గూడెం మనిషి కనకరాజు. ఆయన గుస్సాడీ ఆట 1981ల ఢిల్లీ గణతంత్ర దినం దాకా పోయింది. 2021ల పద్మశ్రీ వచ్చింది. 2024ల కన్నుమూసిండు. నిజామాబాద్ జిల్లా చిందు ఎల్లమ్మ చిన్నతనం నుంచే ఆటగత్తె. మగ వేషం, ఆడ వేషం రెండూ కట్టి మెప్పించింది. చిందు యక్షగానం ఆడే గడ్డం సమ్మయ్యకు 2024ల పద్మశ్రీ ఇచ్చిండ్రు. మహారాష్ట్ర మాంగ్ బిడ్డ అన్నాభావు సాఠే తమాషా ఆటనే కూలోళ్ల పోరాటానికి ఆయుధం చేసిండు. వీళ్లెవ్వరూ ఫీజు కట్టి యాక్టింగ్ స్కూల్ల నేర్చినోళ్లు కారు. వాడనే వాళ్ల బడి.

కాబట్టి ఆ పిల్లగానికి నేను చెప్పేది ఒక్కటే. ఫోటోలు పట్టుకొని ముందుగాల ఫిల్మ్‌నగర్ పోకు. ముందు ఇక్కడ ఆరు ఆటలు ఆడు.

ఆరే ఎందుకు? ఢిల్లీల నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా అని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉన్నది. మూడేండ్ల చదువు, స్టైపెండ్ ఇస్తరు, ఎస్సీ ఎస్టీలకు రిజర్వేషన్ ఉన్నది. అక్కడ చేరేటోళ్లను డిగ్రీతోపాటు కనీసం ఆరు వేర్వేరు నాటకాల్లో పాల్గొన్న అనుభవం అడుగుతూ వచ్చిండ్రు. పట్నం పిల్లలకు ఆ ఆరు నాటకాలు కాలేజీలనే దొరుకుతయి. మన పిల్లలకు యాడ దొరకాలె? మన క్యాలెండర్లనే ఉన్నయి. ఏప్రిల్ 11 ఫూలే జయంతి. ఏప్రిల్ 14 అంబేద్కర్ జయంతి. ఆగస్టు 1 అన్నాభావు జయంతి. ఆశ్వయుజ పున్నమి నాడు భీమ్ వర్ధంతి. నవంబర్ 26 రాజ్యాంగ దినం. జనవరి 3 సావిత్రీబాయి జయంతి. లెక్కపెట్టుండ్రి, ఆరు!

ఎనిమిది మంది చాలు, ఆడపిల్లలు కూడ ఉండాలె. ఇరవై నిమిషాల ఆట. 1927ల మహద్ చెరువు నీళ్ల కథ ఒకటి, జోడేఘాట్ ఒకటి, సావిత్రీబాయి మీద పేడనీళ్లు చల్లినా బడి నడిపిన కథ ఒకటి. ప్రతి ఆటకు ఫోటో తీయుండ్రి. తేదీ, ఊరు, కట్టిన వేషం నోట్‌బుక్కుల రాయుండ్రి. సంఘం లెటర్‌హెడ్ మీద రాసి సంతకం పెట్టియ్యుండ్రి. అనుభవం ఉంటే సరిపోదు, కాగితం గూడ ఉండాలె. కాగితం లేకనే మన భూములు పోయినయి.

డిగ్రీ ఇడిసిపెట్టొద్దు. అది ఉంటేనే ఢిల్లీ అయినా, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ రంగస్థల శాఖ అయినా తలుపు తీస్తది.

ఇగ ఆడిషన్ ముచ్చట. సినిమా కంపెనీలు కొత్తోళ్లు కావాలని తమ సొంత పేజీల్లో ప్రకటన ఇస్తుంటయి. వయసు, యాస, పంపాల్సిన వీడియో అన్నీ అందులనే రాస్తరు. సెల్‌ఫోన్ల ఒక్క నిమిషం వీడియో చాలు: పేరు, వయసు, ఎత్తు, వచ్చిన భాషలు, ముందు నుంచి, రెండు పక్కల నుంచి ముఖం. వేల రూపాయల ఫోటో ఆల్బం అక్కర్లేదు. ఎవడన్నా రిజిస్ట్రేషన్ ఫీజు, కార్డు ఫీజు అన్నడా, వాడు దొంగ. వేషం ఇచ్చేటోడు పైసలు ఇస్తడు గాని అడగడు. ఆడపిల్లలు ఒంటిగ పోవద్దు, లాడ్జి గదికి రమ్మంటే ఎవరూ పోవద్దు.

తెలుగు, మరాఠీ, హిందీ, గోండి వినుకుంట పెరిగినోళ్లం. అది సిగ్గు కాదు, ఆస్తి. 2023ల 'బలగం' సిరిసిల్ల పల్లెల్లో మన యాసలనే తీసిండ్రు. చివర్ల జనాన్ని ఏడిపించిన పాట బుడగజంగాల దంపతులు మొగిలయ్య, కొమురమ్మలది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిల కూలి చేసుకునే గంగవ్వ 'మై విలేజ్ షో' వీడియోలతోటి 2019 నాటికి సినిమాలకెక్కింది. మరాఠీల నాగరాజ్ మంజులే 'ఫండ్రీ' తీసినప్పుడు సోలాపూర్ జిల్లా పల్లెల హల్గీ కొట్టే పిల్లగాన్నే హీరోను చేసిండు. కెమెరా వెనక మనోడుంటే ముందట మనోడు నిలబడ్డడు. యాక్టింగే గాదు, రాసుడు, తీసుడు గూడ నేర్వాలె.

చివరికి కార్యకర్తలకు ఒక మాట. మనం మన కళాకారులకు ఏం చేస్తున్నం? నాయకుడు వచ్చేదాక జనాన్ని కూసోబెట్టేటందుకు పాట పాడిపిస్తున్నం. కారు రాంగనే మైకు గుంజుకుంటున్నం. ఇది మన తప్పు, ఒప్పుకోవాలె. ప్రతి మండల కమిటీ ఒక ఆట బృందాన్ని నిలబెట్టాలె. ఆడిషన్‌కు పోయే పిల్లలకు బస్ కిరాయి సంఘం డబ్బాల నుంచి ఇయ్యాలె. హైదరాబాద్‌ల మన విద్యార్థులు ఒక రాత్రి పండుకోను జాగ ఇయ్యాలె.

ఆ పిల్లగాడు మళ్లొచ్చి అడిగితే నవ్వకుండ్రి. "ఆగస్టు 1కి ఏ వేషం కడ్తున్నవురా?" అని అడుగుండ్రి.

జై భీమ్!