బోరు మోటార్లు ఆడే వేళ తిరగాలి

మర్రిగూడ వైపు ఓ పల్లె దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసిన రోజుల్లో నా పోటీ బోరుబావులతోనే. త్రీ ఫేజ్ కరెంటు రాగానే చేన్లలో మోటార్లన్నీ ఒక్కసారే అందుకునేవి. వోల్టేజీ పడిపోయి, మా గదిలో రక్తం ట్యూబులు తిప్పే సెంట్రిఫ్యూజు రొద సన్నబడేది. డయల్ మీద మూడు వేలే ఉండేది, లోపల ఎంత తిరుగుతోందో ఎవరికెరుక? చుట్లు సగమైతే ట్యూబు మీద పడే బలం నాలుగో వంతే. గడ్డకూ సీరానికీ నడుమ గీత సరిగా పడేది కాదు. 2018లో సేద్యానికి 24 గంటల కరెంటు వచ్చాక కొంత నయం. ఎండాకాలం మాత్రం ఎండాకాలమే.

ట్యూబులోకి తీసినా రక్తకణాలు ఊరుకోవు. గంటకు 5 నుంచి 7 శాతం గ్లూకోజు తినేస్తాయి, పొటాషియాన్ని బయటికి వదులుతాయి. ఒకసారి కార్బన్ బ్రష్‌లు అరిగి యంత్రం ఆగింది. సీరం తీయకుండానే రక్తాన్ని ఎండలో బైకు మీద పంపాం. ఓ పెద్దాయనకు పొటాషియం ఆరు దాటిందని రిపోర్టు. కిడ్నీలు పోయాయనుకొని కొడుకు కారు మాట్లాడి పట్నం తీసుకపోయాడు. అక్కడ మళ్లీ చూస్తే మామూలే. ‘నా నెత్తురు తొవ్వల చెడిందా బిడ్డా?’ అన్నాడాయన. చెడిందే. బ్రష్‌ల జత ధర ఆ కారు కిరాయి ముందు ఏ మూలకూ రాదు. అవి రావడానికి మూడు వారాలు పట్టింది.

షుగర్‌కు గ్రే మూత ట్యూబుందిగా అంటారు. అందులోది సోడియం ఫ్లోరైడ్. మా మునుగోడు, మర్రిగూడ ఎముకల్ని వంచిన ఫ్లోరైడే అక్కడ చక్కెరకు కావలి కాస్తుంది! పొటాషియం పరీక్షకు మాత్రం ఆ ట్యూబు పనికిరాదు.

2021లో నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో సర్కారు డయాగ్నొస్టిక్ కేంద్రాలు తెరిచారు. సంతోషం. అయినా రక్తం బయల్దేరేది పల్లె నుంచే, గీత అక్కడే పడాలి.

2017లో స్టాన్‌ఫర్డ్‌లో శాస్త్రవేత్త మను ప్రకాశ్ బృందం దారంతో గుంజే కాగితపు బిళ్లను సెంట్రిఫ్యూజుగా నిమిషానికి 1,25,000 చుట్లు తిప్పింది, ఖర్చు 20 సెంట్లు. మన పిల్లలు అంగీ గుండీకి దారమెక్కించి గుయ్యిమనిపించే ఆటే అది. ముచ్చటగానే ఉంది, కానీ పట్టేది వేలికొన చుక్క. పొద్దున్నే నలభై మంది వరుస కడితే ఎవరు గుంజాలి?

సెంట్రిఫ్యూజుల టెండర్లలో గరిష్ఠంగా ఎన్ని చుట్లని అడుగుతున్నారు. మాకు 3,500 చాలు. 170 వోల్టుల దగ్గర ఎంత తిరుగుతుందో అడగండి. బ్రష్‌లు లేని మోటారు అడగండి. బలం తగ్గితే తెర మీద చెప్పి, ఆ మేరకు ఇంకాసేపు తిరగమనండి. యంత్రం పరీక్షకు ఏసీ గది వద్దు, ఏప్రిల్ మధ్యాహ్నం మోటార్లు ఆడుతుండగా పల్లె దవాఖానకు తెండి. కుంటి బల్ల మేమే వేస్తాం.