మాటల పొందిక – మనసు పోకడ

తరగతిలో ఒక విద్యార్థి అడిగిన ప్రశ్నకు పొంతన లేని సమాధానము చెప్పును. ఒక మాటనుండి మరియొక మాటకు జారి, ఎక్కడ మొదలు పెట్టెనో తానే మరచును. తోటివారు నవ్వుదురు, ఉపాధ్యాయుడు గద్దించును. చాలసార్లు దీనికి కారణము భయమో, పాఠము చదువకపోవుటయో అయి ఉండును. కాని అరుదుగా అది రానున్న మనోవ్యాధికి తొలి సూచన కావచ్చును. ఆ భేదమును మాటతీరునుబట్టి గుర్తింపవచ్చునా?

ఈ ప్రశ్న కొత్తది కాదు. 1911లో స్విట్జర్లాండు వైద్యుడు యూజెన్ బ్లాయిలర్ స్కిజోఫ్రీనియాను వర్ణించుచు, భావముల నడిమి లంకె సడలుటయే దాని ముఖ్యలక్షణములలో ఒకటని చెప్పెను. 1979లో అమెరికా వైద్యురాలు నాన్సీ ఆండ్రియాసెన్ మాటలలోని వికారములను వేరువేరుగా నిర్వచించి, కొలుచుటకు ఒక పట్టికను కూర్చెను. కొత్తగా వచ్చినది కంప్యూటరు. 2015లో ప్రకటితమైన ఒక పరిశోధనలో, న్యూయార్కులో వ్యాధి రాగల ప్రమాదమున్న 34 మంది యువజనుల సంభాషణలను దానిచే లెక్కింపించిరి. తరువాత వ్యాధికి లోనైన 5 గురిని ఆ లెక్క తప్పు లేక గుర్తించెను. 2018లో లాస్ ఏంజెలిస్ యువజనుల మాటలపై జరిపిన పరిశీలనలో నూటికి 83 వంతులు సరిపోయెను. సంతోషింపదగిన ఫలితమే, కాని 34 మందిని చూచి లోకమునకెల్ల తీర్పు చెప్పరాదు.

అంతకంటె పెద్ద చిక్కు భాషలో ఉన్నది. 2015నాటి లెక్కలో యంత్రము మూడు విషయములను గమనించెను: వరుస మాటల నడుమ అర్థసామీప్యము, పదబంధముల నిడివి, ‘దట్’, ‘విచ్’ వంటి ఆంగ్లపదముల వాడుక. ఇంగ్లీషులో ఉపవాక్యమును ప్రధానవాక్యముతో కలుపుటకు ఆ పదములు పనికివచ్చును. మనమో ‘నిన్న వచ్చిన మనిషి’ అందుము. ‘వస్తానని చెప్పాడు’ అందుము. ఆ పని మన భాషలో క్రియయే చేయును. కావున ఇంగ్లీషు కొలతబద్దను మార్చకయే తెలుగుపై ఉంచినచో, ఆరోగ్యవంతుని మాటయు లోపముగా తోచును. పుస్తకభాషనే ప్రమాణముగా గొన్నచో, మాండలికము మాట్లాడు పిల్లవాడు రోగిగా కనిపించు ప్రమాదము కూడ కలదు. మన యాసలన్నింటిని విని, ఆరోగ్యవంతుల సహజసంభాషణను ముందుగా తెలిసికొని, పిమ్మటనే మనకు తగిన కొలతలు ఏర్పరచుకొనవలెను.

వైద్యులు కొరవడిన చోట ఎట్టి యంత్రమైనను మేలే గదా అని కొందరనవచ్చును. మేలే, కాని వైద్యునికి తోడుగా, న్యాయాధిపతిగా కాదు. రోగి విషయములను గోప్యముగా ఉంచవలెనని 2017 మానసిక ఆరోగ్యరక్షణ చట్టము చెప్పుచున్నది. పిల్లవాని కంఠమును అనుమతి లేక పట్టి, లెక్కించి, ‘పిచ్చి’ యను ముద్ర వేయుట ఏ శాస్త్రమును కాదు.

యంత్రమునకు తెలియనిది ఉపాధ్యాయునకు తెలియును: ఈ విద్యార్థి నిరుడు ఎట్లు మాట్లాడెనో. రోగనిర్ణయము ఆయన పని కాదు. మాటలో వచ్చిన మార్పు వారములు గడచినను నిలిచియున్నచో, పిల్లవానితో ఏకాంతమున ఆదరముగా మాట్లాడి, తల్లిదండ్రులకు తెలిపి, వైద్యుని చూడుమని చెప్పుట చాలును. 2022లో ప్రారంభమైన టెలీ మానస్ సేవకు 14416 సంఖ్యపై ఫోను చేయవచ్చును. ఇక విద్యార్థులకు ఒక్క మనవి: తోటివాని మాట తడబడినపుడు నవ్వకుడు. ఆ నవ్వునకు వెరచి అతడు మాట మానినచో, వ్యాధిని తెలుపగల ఆ ఒక్క ఆనవాలును మనకు దక్కదు.