కొన్నాక కూడా కొనాల్సిందే

ఏడాదికి 1,499 రూపాయలు కట్టి అమెజాన్ ప్రైమ్ తీసుకున్నవాళ్లకు 2025 జూన్ 17 నుంచి సినిమాల మధ్య ప్రకటనలు మొదలయ్యాయి. వద్దనుకుంటే ఏడాదికి ఇంకో 699. కేబుల్ టీవీలో ప్రకటనల పోరు పడలేకే కదా ఓటీటీకి వచ్చాం!

ఆటల సంగతి ఇంకా ముదురు. బీజీఎంఐ అనే తుపాకుల ఆట ఉచితమే. కానీ లోపల చాలావాటిని కొనాలంటే రూపాయల్ని ముందు ‘యూసీ’గా మార్చుకోవాలి. ఆ యూసీతో పెట్టె తెరవాలి. కోరుకున్న తుపాకీ రంగు వస్తుందో, పనికిరాని చొక్కా వస్తుందో తెరిచాక గానీ తెలియదు. (రంగు మారితే గురి కుదురుతుందా అని ఇంట్లో పిల్లల్ని అడిగి చీవాట్లు తిన్నాను.) రూపాయి రూపాయిలా కనబడకపోతే పెద్దవాళ్లకే చెయ్యి ఆగదు, ఇక పిల్లలకు ఆగుతుందా? డబ్బుతో తెరిచే ఇలాంటి పెట్టెల్ని బెల్జియం 2018లోనే జూదమంది. మన దగ్గర 2025 ఆగస్టులో వచ్చిన చట్టం పందెం కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించింది గానీ, ఈ పెట్టెల పేరెత్తలేదు. ఎత్తాల్సింది.

ప్లే స్టోర్‌లో కొనుగోళ్లకు పాస్‌వర్డ్ పెట్టే పద్ధతిని ఈ సంచికలో వివరంగా ఇచ్చాం. పిల్లలున్న ఇళ్లవాళ్లు ముందు ఆ పని ముగించి, మిగతా పేజీలు తీరిగ్గా చదవండి.