నిద్రపోయే ముందు పసిబిడ్డ చెవిలో ఏమి పడుతోంది?



అక్టోబరు 31 దగ్గర పడిందంటే అమెరికాలో పుస్తకాల షాపులనిండా హాలోవీన్ బొమ్మల పుస్తకాలే. మంత్రగత్తెలు, దయ్యాలు, అస్థిపంజరాలు, కళ్ళూ నోరూ చెక్కిన గుమ్మడికాయలు. అక్కడ స్థిరపడిన మన బిడ్డలు కొందరు వాటిని తెచ్చి, రెండు మూడేళ్ళ పిల్లలకు పడుకోబెట్టే వేళ చదువుతున్నారు. అడిగితే, "బొమ్మలే కదా పాస్టరుగారూ, తప్పేముంది?" అంటారు.

తప్పు ఆ వేళలో ఉంది. లిండా విలియమ్స్ 1986లో రాసిన ఒక పేరున్న పుస్తకమే తీసుకోండి. చీకట్లో అడవిదారిన నడిచివచ్చే ముసలమ్మ వెంట బూట్లు, ప్యాంటు, చొక్కా, గ్లౌజులు, టోపీ చప్పుడు చేసుకుంటూ పడతాయి. చివరికి గుమ్మడికాయ తలకాయ కూడా వస్తుంది. తెల్లారేసరికి అవన్నీ కలిసి ఆమె తోటలో దిష్టిబొమ్మగా నిలబడతాయి. ధైర్యం చెప్పే కథే, కాదనను. పెద్దపిల్లలకు పగటిపూట చదివితే నవ్వుకుంటారు. కానీ మూడేళ్ళవాడికి బొమ్మకీ నిజానికీ మధ్య గీత ఇంకా పడలేదు. లైటు ఆర్పి మీరు వెళ్ళాక కథ ముగింపు వాడికి గుర్తుండకపోవచ్చు. మంచం కింద బూట్ల చప్పుడు మాత్రం గుర్తుంటుంది.

ఇక్కడున్న అమ్మమ్మలూ నానమ్మలూ, మీరు నవ్వకండి! హాలోవీన్ సాతాను పండుగ అని వాట్సాప్‌లో పంపిస్తారు. అదే రాత్రి మనవడితో, "పడుకుంటావా, బూచాణ్ణి పిలవనా?" అంటారు. వాళ్ళు పుస్తకంతో భయపెడితే మీరు నోటితో భయపెడుతున్నారు. తేడా ఏముంది? బైబిలు కథే కదా అని గొల్యాతు తల నరికిన బొమ్మ కూడా ఆ వేళ చూపించవద్దు.

సమూయేలు మొదటి గ్రంథము మూడవ అధ్యాయము చూడండి. చిన్నవాడు రాత్రివేళ మందిరములో పండుకొని ఉన్నాడు. చీకటిలో పేరుపెట్టి పిలిచిన స్వరం వినబడింది. కేక వేయలేదు, దుప్పటి ముసుగు పెట్టలేదు. మూడుసార్లు లేచి ఏలీ దగ్గరకు వెళ్ళాడు. పిలిస్తే పలికే పెద్దవాడు దగ్గరలోనే ఉన్నాడని వాడికి తెలుసు. రాత్రి పిలుపు వింటే భయంతో ముడుచుకునే బిడ్డను మనం పెంచితే, దేవుని పిలుపుకు వాడెలా లేస్తాడు?

కాబట్టి ఆ పుస్తకాలను పిల్లలు పెద్దయ్యేదాకా పైన పెట్టండి. రాత్రికి నోవహు ఓడలోని జంతువుల కథో, తప్పిపోయిన గొఱ్ఱెపిల్ల కథో చెప్పండి. తలమీద చెయ్యి వేసి, వాడి పేరుపెట్టి రెండు మాటలు ప్రార్థించండి. నిద్ర పట్టేదాకా పక్కనే ఉండండి.

ప్రభువు మీ పసిబిడ్డలకు నెమ్మదిగల నిద్ర దయచేయును గాక. ఆమేన్.